ముసుగు వేసుకున్న దొర

సూపర్ హీరోల్లో పేరుగొప్ప ఊరుదిబ్బ బాపతు ఎవరని అడిగితే ఈకాలం పిల్లలు బ్యాట్‌మ్యాన్ అనో, వుల్వరీన్ అనో తగువులాడుకుంటారు. నా ఓటు మాత్రం ఫాంటమ్‌కి. ఇప్పటి కుర్రాళ్లలో చాలామందికి ఆయన మొహం కూడా తెలియదు కాబట్టి కాస్త చెప్పాలి. ఊదారంగు బిగుతు బట్టలు, కళ్లకి నల్ల ముసుగు, వేలికి పుర్రె ఉంగరం, ఎక్కడానికి హీరో అనే తెల్ల గుర్రం, వెంట డెవిల్ అనే తోడేలు. అమెరికన్ రచయిత లీ ఫాక్ 1936లో పుట్టించాడు. మన దేశంలో ఇంద్రజాల్ కామిక్స్ 1964లో మొదలైందే ఈయన కథతో. 1990లో ఆ పుస్తకాలు ఆగిపోయేదాకా మాండ్రేక్ వచ్చినా, ఫ్లాష్ గోర్డన్ వచ్చినా పెద్దపీట ఈయనదే.

ఆయన మీద నా గుర్రుకి కారణం ఒకటే. ఆయన అడవి హీరో, మాది అడవి అంచు ఊరు. భద్రాచలంలో పెరిగినవాడికి అడవి అనగానే ముందు మనుషులు గుర్తొస్తారు. సంతకి చింతపండు, ఇప్పపువ్వు, చీపుళ్లు మోసుకొచ్చే కోయవాళ్లు, తునికాకు కల్లాల దగ్గర కట్టలు లెక్కపెట్టించుకునే ఆడవాళ్లు, పాపికొండల వైపు నుంచి వెదురు బుట్టలతో దిగే కొండరెడ్లు. మరి ఫాంటమ్ అడవిలో మనుషులేం చేస్తుంటారు? డప్పులు కొడుతుంటారు. వార్త మోస్తుంటారు. ఆయన గుహ బయట నిలబడి ఆయన వచ్చేదాకా ఎదురుచూస్తుంటారు.

కథ మొదలు గుర్తు చేసుకోండి. 1536లో సముద్రపు దొంగలు ఓడ మీద పడితే ఒక్క తెల్ల కుర్రవాడు ప్రాణాలతో ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. బందర్ అనే పొట్టివాళ్ల తెగ అతన్ని చేరదీసి బతికించింది. అతను తండ్రిని చంపినవాడి పుర్రె మీద చెయ్యి వేసి, అన్యాయం మీద, క్రూరత్వం మీద పోరాడతానని ఒట్టు పెట్టుకున్నాడు. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఏమైంది? బతికించినవాళ్లు నాలుగు వందల ఏళ్లు కాపలాదార్లుగా మిగిలిపోయారు. బతికినవాడి వంశం పుర్రె సింహాసనం ఎక్కి కూర్చుంది. తండ్రి పోగానే కొడుకు అవే బట్టలు తొడుక్కుంటాడు కాబట్టి ఆయనకి చావు లేదని లోకం భ్రమపడుతుంది. ఇప్పుడున్నది ఇరవై ఒకటో ఫాంటమ్. గుహలో అలెగ్జాండర్ తాగిన వజ్రపు గిన్నె దాకా ధనరాశులున్నాయి. పొరుగు తెగలు ఆ అడవి పొలిమేర తొక్కడానికి భయపడేది నిజానికి బందర్ల విషపు బాణాలకి. కీర్తి మాత్రం ఆయన ఖాతాలో.

స్కూల్లో చర్ల వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక కోయ స్నేహితుడు నా పక్కన కూర్చుని ఈ పుస్తకాల్లో బొమ్మలు చూసేవాడు. ఇంగ్లీషు ఇద్దరికీ అంతంత మాత్రమే. ఫాంటమ్ పట్నం పోయినప్పుడు రౌడీలతో నిండిన సారా కొట్టులోకి నడిచివెళ్లి గ్లాసు పాలు అడిగే ఘట్టం చాలా ప్రసిద్ధం. అది చదివి వినిపిస్తే మావాడు పడీపడీ నవ్వాడు. "ఏందిరా, అడవిల ఉంటడు, కల్లు తాగడు, ఇప్పసారా ముట్టడు. వీణ్ణి మా ఊరి పండక్కి ఎవడు పిలుస్తడు?" అన్నాడు. ఫాంటమ్ గురించి ఆ తర్వాత నేను చదివిన విమర్శలన్నీ ఈ మాట ముందు చప్పగానే అనిపించాయి.

మన దేశంలో అచ్చు వేసేటప్పుడు సంపాదకులు కొన్ని జాగ్రత్తలు పడ్డారు. కథ జరిగే బెంగాలీ దేశాన్ని డెంకాలీ చేశారు. సింగ్ దొంగల ముఠాని సింగా ముఠా చేశారు. ఇరవై ఒకటో ఫాంటమ్ తండ్రిని చంపినవాడి పేరు మూలంలో రామ. మనవాళ్ల మనసు నొచ్చుకుంటుందని దాన్ని రామలు అని మార్చారు. పొద్దున లేస్తే రాములవారి గుడి మైకు వినపడే ఊళ్లో చదువుకునేవాడికి ఈ సర్దుబాటు ఎంత ఊరటో మీరే ఊహించుకోండి. ఇన్ని పేర్లు మార్చినవాళ్లకి అడవివాళ్ల పాత్రలకి కూడా మనసుంటుందని తట్టలేదు. లీ ఫాక్‌ని పూర్తిగా తప్పుపట్టడమూ న్యాయం కాదు. 1960ల తర్వాత ఆఫ్రికా దేశాలకి స్వాతంత్ర్యం వస్తుంటే ఆయనా తన ఊహాదేశానికి లువాగా అనే నల్లజాతి డాక్టర్ని అధ్యక్షుణ్ణి చేశాడు. అధ్యక్షుడు మారాడు, గుహలో సింహాసనం మాత్రం కదల్లేదు.

పాత్రకి అర్హతకి మించి పేరొచ్చిందా లేదా అని తేల్చడానికి అందరూ వాడే కొలత బలం. ఎవడు ఎవణ్ణి కొట్టగలడు, ఎవడు ఎంత బరువెత్తగలడు. నాకది సంతలో పొట్టేళ్ల పందెంలా అనిపిస్తుంది. నా కొలత వేరు. హీరోని పొడుగ్గా చూపించడానికి కథ చుట్టూ ఉన్నవాళ్లని ఎంత పొట్టి చేసింది? ఎంత ఎక్కువ పొట్టి చేస్తే ఆ హీరో అంత డొల్ల. సూపర్‌మ్యాన్ బొమ్మల్లో జనం ఎప్పుడూ నోళ్లు తెరిచి ఆకాశం వైపే చూస్తుంటారు. 2022 జులైలో గోదావరి మా ఊరి దగ్గర 71 అడుగులు దాటినప్పుడు ఆకాశం వైపు చూసినవాడు లేడు. అందరి చూపూ నీటిమట్టం అంకె మీదే. నలభై మూడుకి మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిదికి రెండోది, యాభై మూడుకి మూడోది. ఏ అంకెకి ఏ వీధిలోకి నీళ్లొస్తాయో, ఏ అంకెకి గొడ్లని విప్పాలో, బియ్యం మూట ఎప్పుడు మేడెక్కించాలో ఇక్కడ చిన్నపిల్లకి కూడా తెలుసు. 1986లో 75 అడుగులు దాటిన వరదని చూసినవాళ్లు పిల్లలకి నేర్పిన లెక్క అది. ఇలాంటి జనాన్ని బొమ్మల కథలో పెడితే హీరోకి పని దొరకదు.

బ్యాట్‌మ్యాన్ మీద ఇదే మాట అంటే మా మేనల్లుడు కస్సుమన్నాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, గదినిండా ప్లాస్టిక్ బొమ్మలు. "మామా, ఆయనకి ఏ శక్తీ లేదు, తెలివితోనే గెలుస్తాడు. అది గొప్ప కాదా?" అన్నాడు. తెలివి గొప్పదే అల్లుడూ, డబ్బు ఇంకా గొప్పది. ఆ సంగతి అలా ఉంచి, గోథమ్ పోలీసులు 1939 నుంచీ ఒక్క కేసూ సొంతంగా తేల్చలేకపోవడం నీకు వింతగా లేదా అన్నాను. వాడి దగ్గర దానికీ సమాధానం ఉంది, అభిమానుల దగ్గర ఎప్పుడూ ఉంటుంది. కానీ బిల్ ఫింగర్ సంగతి ఎత్తేసరికి మెత్తబడ్డాడు. బ్యాట్‌మ్యాన్‌ని పుట్టించింది బాబ్ కేన్ ఒక్కడే అని దశాబ్దాల పాటు అచ్చయింది. ఆ బట్టలు ఎలా ఉండాలో, ఆ ఊరి పేరేమిటో, మొదటి కథ ఎలా నడవాలో ఆలోచించిన ఫింగర్ 1974లో పేరూ డబ్బూ లేకుండా పోయాడు. పక్కన అధికారికంగా అతని పేరు పడింది 2015లో. పేజీలో జనాన్ని పొట్టి చేసే అలవాటు పేజీ బయటికి కూడా పాకిందన్నమాట.

తెలుగు సినిమా సూపర్ హీరోని తెచ్చుకున్నప్పుడు కొంచెం తెలివిగానే తెచ్చుకుంది. 1980లో ఎన్టీ రామారావు సూపర్‌మ్యాన్ వేషం కట్టారు. బట్టలు అమెరికావి, శక్తులు మాత్రం ఆంజనేయస్వామి ఇచ్చినవి. 2024 సంక్రాంతికి వచ్చిన 'హను-మాన్'లో నాకు హీరో కన్నా విలన్ నచ్చాడు. సూపర్ హీరోలందరూ తల్లీతండ్రీ లేనివాళ్లేనని గమనించి, ఆ అర్హత సంపాదించడానికి ఇంట్లోవాళ్లని చంపుకున్న పిల్లవాడు వాడు. కామిక్స్ మీద అంతకన్నా పదునైన విమర్శ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నేనెప్పుడు ఇలా మాట్లాడినా ఎవరో ఒకరు అడుగుతారు, మరి మీ ఊరి దేవుడి సంగతేమిటండీ, ఆయన కన్నా పెద్ద సూపర్ హీరో ఎవరు అని. నిజమే. భద్రాచలం మూలవిరాట్టుకి నాలుగు చేతులు. భద్రమహర్షికి దర్శనమివ్వడానికి హడావిడిగా బయల్దేరిన విష్ణుమూర్తి శంఖాన్ని కుడిచేతిలోకి, చక్రాన్ని ఎడమచేతిలోకి మార్చి పట్టుకున్నాడని స్థలపురాణం. తొందరలో చేతులు తారుమారు చేసుకున్న హీరో నాకు ఆ క్షణంలోనే నచ్చేశాడు. పైగా ఆయన విగ్రహాలు పుట్టలో ఉన్నాయని మొదట కనిపెట్టింది భద్రిరెడ్డిపాలెం వాస్తవ్యురాలు పోకల దమ్మక్క. తాటాకు పందిరి వేసింది, తాటిపండు నైవేద్యం పెట్టింది. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న గుడి కట్టించింది ఆ తర్వాతే. దమ్మక్క లేకుండా ఈ కథ చెప్పడం కుదరదు. చెప్పేవాళ్లు ఆమెని ఒక్క వాక్యంలో దాటేస్తారన్నది వేరే ఫిర్యాదు.

గోపన్న ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టి గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లున్నాడు. చివరికి రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అని మారుపేర్లతో వెళ్లి తానీషాకి ఆరు లక్షల మొహరీలు చెల్లించారని కథ. మారువేషం, మారుపేరు, అర్ధరాత్రి ప్రత్యక్షం, పని కాగానే మాయం. కామిక్స్ దినుసులన్నీ ఉన్నాయి. కానీ ఒక సంగతి ఏ కామిక్స్‌లోనూ దొరకదు. ఆ పన్నెండేళ్లూ గోపన్న, అంటే మన రామదాసు, ఊరుకోలేదు. ఏ నగకి ఎంతయిందో లెక్కచెప్పి, ఎవరి డబ్బుతో ఈ కులుకని దేవుణ్ణే నిలదీశాడు. కోపం చల్లారాక క్షమించమన్నాడు, మళ్లీ తిట్టాడు. ఇవాళ్టికీ ఆ కీర్తనలు ఆయన గుళ్లోనే పాడతారు. ఫాంటమ్‌ని ఆలస్యంగా వచ్చావేమయ్యా అని అడిగిన బందర్ ఒక్కడున్నాడా? తిట్టించుకోగలిగిన హీరోకి ఎంత పేరున్నా నాకు అభ్యంతరం లేదు.

రామాయణం మొత్తం అంతే. పర్ణశాలలో రంగులేసిన సిమెంటు బొమ్మలు వరసగా చూసుకుంటూ పోతే ఆ హీరో ఇంట్లో లేని సమయంలోనే అసలు కథ జరిగిపోతుంది. అడ్డుపడింది జటాయువు. వాల్మీకి లెక్కలో అరవై వేల ఏళ్ల ముసలి పక్షి. రావణుడి విల్లు విరిచింది, రథం కూల్చింది, రెక్కలు తెగి పడింది. సీతని ఎవరు ఎటు తీసుకుపోయారో చెప్పి మరీ ప్రాణం వదిలింది. దానికి రాముడు కొడుకులా నిప్పు పెట్టాడు. ఆ పక్షి పడిన చోటుగా చెప్పుకునే ఎటపాక మా ఊరికి కూతవేటు దూరం. 2014లో అది పక్క రాష్ట్రానికి పోయింది. ఆంజనేయుడికి సముద్రం దాటే బలముందని జాంబవంతుడు గుర్తుచేస్తే గానీ తెలియదు. వాల్మీకిలో లేని ఉడతని కూడా మనవాళ్లు రంగనాథ రామాయణంలో వారధి దగ్గర నిలబెట్టారు. కథ చెప్పినకొద్దీ పక్కవాళ్లు పెరిగారు తప్ప తరగలేదు. కల్యాణం రోజున లక్షలమంది ఎండలో నిలబడడానికి భక్తి కారణం, కాదనను. ఎవరికి వాళ్లకి ఆ కథలో నిలబడడానికి కాస్త చోటుండడం కూడా ఒక కారణమని నా అనుమానం.

ఇక అసలు ఇబ్బందికర ప్రశ్నకి రావాలి. ఫాంటమ్‌ని ఇంత తిట్టినవాణ్ణి, మన అల్లూరి సీతారామరాజు కథని మనం ఎలా చెప్పుకుంటున్నామని అడగాలి కదా. మైదానం నుంచి మన్యంలోకి వెళ్లిన మనిషి, కాషాయం, విల్లు, తూటాలు తగలవన్న పుకారు. 1974లో కృష్ణ సినిమా వచ్చింది, 2022లో 'ఆర్ఆర్ఆర్' వచ్చింది. ఆ రెండో దాంట్లో ఆయన కొమురం భీముడి భుజాలెక్కి తుపాకులు పేలుస్తాడు. ఆయన త్యాగం చిన్నదని ఎవడూ అనలేడు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర చెట్టుకి కట్టి కాల్చేనాటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. నా గొడవ ఆయనతో కాదు, ఆయనకి ఊదారంగు బట్టలు తొడిగే కథలతో.

ఎందుకంటే ఆయన పుట్టకముందే ఈ అడవి తిరగబడింది. భద్రాచలం తాలూకాని 1874లో మధ్య పరగణాల నుంచి తీసి మద్రాసు కింద గోదావరి జిల్లాలో కలిపారు. పోడు మీద పన్ను పెరిగింది, కల్లు మీద పన్ను పడింది, మైదానం వ్యాపారుల అప్పు పత్రాలు కోర్టులకెక్కాయి. 1879లో రంపలో మొదలైన పితూరీ మా తాలూకాలోని రేకపల్లి దాకా అంటుకుంది. అంబుల్ రెడ్డి, తమ్మన్నదొర లాంటివాళ్లు నడిపించారు. మద్రాసు నుంచి పటాలాలు దిగినా అణచడానికి చాలాకాలం పట్టింది. ముసుగు వేసుకుని గుర్రమెక్కి వస్తాడని వాళ్లెవరి కోసమూ కాచుకు కూర్చోలేదు.

అల్లూరి నడిపిన 1922 పితూరీలో కూడా అంతే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి జనాన్ని బలవంతంగా తోలి కూలి ఎగ్గొడితే ముందు కడుపు మండింది గాం గంటందొర లాంటివాళ్లకి. ఆ ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడ్డారంటే కొండదారులు పాదాలకి తెలిసిన వందలమంది ఉండబట్టి. సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో ముందు నడుస్తున్న దేశీ సిపాయిల్ని పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే దొరలిద్దర్నే కాల్చారు. ఆ ఓపిక, ఆ గురి ఒక్కడివి కావు. గంటందొర 1924లోనే పోలీసు తూటాకి పోయాడు. తమ్ముడు మల్లుదొరకి ఉరిశిక్ష పడి, అది ద్వీపాంతరంగా మారి, అండమాన్ చూసి బయటికొచ్చాడు. ఆ తర్వాత? 1952లో స్వతంత్ర భారతం మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి గెలిచి వెళ్లాడు! కొండ నుంచి అండమాన్‌కి, అండమాన్ నుంచి పార్లమెంటుకి. దీన్ని మించిన కథ మలుపు లీ ఫాక్ ఆరు దశాబ్దాలు రాసినా తట్టలేదు. మల్లుదొర బొమ్మ ఉన్న టీషర్టు మాత్రం నాకెక్కడా కనపడలేదు.

నిజంగానే ఒక తెల్లదొర మన కొండల్లోకి వచ్చిన సంగతీ ఉంది. ఆస్ట్రియాకి చెందిన హైమెన్‌డార్ఫ్. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రుదేశం పౌరుడని బ్రిటిష్‌వాళ్లు ఆయన్ని హైదరాబాద్ సంస్థానం దాటనివ్వలేదు. ఆ కట్టడిలోనే గోదావరి కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వాళ్ల మీద పెద్ద పుస్తకం తెచ్చాడు. పోడు ఎలా కొడతారు, పెళ్లి ఎలా చేస్తారు, ఏ చెట్టు పిండి తిని కరువు గడుపుతారు, అన్నీ అడిగి రాసుకున్నాడు. ఆయన పుస్తకంలో కొండరెడ్లు మాట్లాడతారు, దొర వింటాడు. సూపర్ హీరో కావడానికి అదొక పెద్ద అనర్హత.

అడవివాళ్లు తమ హీరోల్ని తాము ఎలా చెప్పుకుంటారో చూడాలంటే కోయల పడిగె చూడాలి. బొమ్మలున్న ముక్కోణపు గుడ్డ అది, వంశాల పుట్టుక దాని మీద ఉంటుంది. డోలి వాయిస్తూ ఆ చరిత్ర పాడతారు. బొమ్మ చూపించి కథ చెప్పడం మాకు అమెరికా నేర్పనక్కర్లేదు. సమ్మక్క సారలమ్మల చరిత్రని అలా పాడిన మణుగూరు వైపు కళాకారుడు సకిని రామచంద్రయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది.

ఆ చరిత్రలో గెలుపు లేదు. కాకతీయుల సైన్యం వచ్చింది, అందరూ పోరాడారు, అందరూ పడిపోయారు. సమ్మక్క చిలకలగుట్ట ఎక్కి కనపడకుండా పోతే కుంకుమ భరిణె దొరికింది. ఇంత పెద్ద ఓటమిని రెండేళ్లకోసారి మాఘ పున్నమికి మేడారంలో ఎలా నిలబెడతారో చూడండి. కూతురు సారలమ్మని కన్నెపల్లి నుంచి తెస్తారు, భర్త పగిడిద్దరాజుని పూనుగొండ్ల నుంచి, గోవిందరాజుని కొండాయి నుంచి. ఎవరి గద్దె వాళ్లకుంది. నీళ్లలో ప్రాణం విడిచిన కొడుకు జంపన్నకి ఏకంగా వాగునే ఇచ్చేశారు, ఎవరైనా ముందు అందులో మునిగాకే తల్లి దగ్గరికి వెళ్లాలి. ప్రతిమ లేదు, ముసుగు లేదు, బట్టల రంగు గురించి పట్టింపు లేదు. ఒక వెదురు కర్ర, ఒక భరిణె.

మేనల్లుణ్ణి ఒకసారి ఆ మేడారం జాతరకి తీసుకెళ్లి ఇదంతా చెప్పుకొచ్చాను. శ్రద్ధగానే విన్నాడు. జనంలో పడి నడుస్తూ, "సరే మామా, ఇక్కడ ఓవర్‌రేటెడ్ ఎవరూ లేరంటావు" అన్నాడు. మొక్కు చెల్లించడానికి నేనప్పుడే నిలువెత్తు బంగారం కొని ఉన్నాను, అంటే నా ఎత్తు బెల్లం. దుకాణంవాడు తక్కెడలో నా బరువు చూసి చెప్పిన ధర ఇంకా చెవిలో గింగురుమంటోంది.

"ఒక్కటుంది రా," అన్నాను, "ఆ బెల్లం."